సోమవారం డబ్బా

పోయిన వారం అక్కను ఆసుపత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. పక్కన దర్జీ ముసలాయన కూతురు కూర్చుని ఉంది. మెట్టు తడిగా ఉందని ఆ పిల్ల తన చేతిలోని పాత పేపరును రెండుగా చింపి, సగం అక్క కింద పరిచింది. తండ్రికి మూడు రోజులుగా స్పృహ వచ్చీ రాకుండా ఉంది. ఆ స్థితిలోనూ ఎదుటి మనిషి చీర తడుస్తుందని చూడగలిగిన పిల్ల. తర్వాత చెప్పిన మాట కూడా కోపంగా అనలేదు. "మా నాన్న మీ జాబితాలో లేడమ్మా. మీ బండి మా వీధికి రాదు. సోమవారం మూడు దాటాక ఇద్దరం వచ్చి నిలబడితే మీరే కిటికీలోంచి డబ్బా ఇచ్చారు. ఎదురుగా అరుగు మీద కూర్చుని అక్కడే తినేశాడు. ఆ రోజంతా ఇంకేమీ తినలేదు," అంది.

అక్కకు గుర్తొచ్చింది. ఏ డబ్బా ఇచ్చిందో కూడా గుర్తొచ్చింది. అందుకే లేవలేకపోయింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. ఒకప్పటి అచ్చాఫీసు షెడ్డులో నడుస్తున్న వంటగది ఇది. ఒక టీ ఖరీదుకి ఒక పూట భోజనం, మూత పెట్టిన డబ్బాలో. ఒంటరి ముసలివాళ్ళకి, మూతపడ్డ మిల్లు కూలీలకి, ఆసుపత్రి వరండాల్లో పడిగాపులు పడేవాళ్ళకి, రోజుకి నాలుగు వందల డబ్బాలు. వంట అక్కది. వంటగదిలో వయసులో తనకన్నా పెద్దవాళ్ళూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. నిజంగా అక్క అయ్యేది మాత్రం ఒక్కడికే, ఈ సంస్థ సెక్రటరీకి. వాడు ఆమె సొంత తమ్ముడు. సోమవారం భోజనం తిని పన్నెండు మంది పడిపోయారు. పదకొండు మంది మిల్లు క్వార్టర్లవాళ్ళు. బండి వెళ్ళే దారిలోనే ఉంటారు. ఆ రోజు బండి టైరు పంచరై ముప్పావుగంట ఎండలో నిలబడింది కాబట్టి, తప్పు డ్రైవర్‌దేనని అందరూ తేల్చేశారు. పన్నెండోవాడు ఈ దర్జీ. అతని డబ్బా బండెక్కలేదు.

గురువారం పొద్దెక్కాక అక్క వంటగదికి వచ్చింది. లోపల కత్తులు టకటకలాడుతున్నాయి. క్యారెట్టు తరిగే ఇద్దరూ ఏదో పెళ్ళివారి పిసినారితనం గురించి నవ్వుకుంటున్నారు. అక్కను చూసి నవ్వు ఆపలేదు గానీ కాస్త తగ్గించారు. మూతలు పెట్టే ఆవిడ అలవాటుగా ఏప్రన్ తెచ్చి అక్క నడుముకి కట్టబోయింది. ఇప్పుడొద్దని చెప్పి అక్క తిన్నగా చల్లగదిలోకి వెళ్ళింది.

పై అరలో మూడు డబ్బాలున్నాయి. వీటినే వంటగదిలో సాక్షి డబ్బాలంటారు. రోజూ మొట్టమొదట మూతపెట్టిన డబ్బాను ఎవరికీ ఇవ్వకూడదు. దాని మీద వారం పేరు రాసి, వెంటనే చల్లగదిలో పెట్టి, మూడు రోజులు దాచాలి. ఎవరికైనా ఒంట్లో తేడా చేస్తే ఆ డబ్బాను పరీక్షకి పంపుతారు. ఎవరికీ ఏమీ కాకపోతే నాలుగో రోజు చెత్తబుట్టలో పారేయాలి. అది నిబంధన.

నిబంధన రాసినవాడు కిటికీ దగ్గర ఎప్పుడూ నిలబడి ఉండడు. గిన్నెలు కడిగేశాక, పొయ్యి ఆరిపోయాక, రోజూ ఎవరో ఒకరు వస్తారు. పరిగెత్తుకుంటూ వచ్చి, కడిగిన గిన్నెలు చూసి, పర్లేదులెండి అంటారు. ఆ పర్లేదులెండి అనే మాట అక్కకు పడదు. నిండు డబ్బా ఒకటి లోపల పెట్టుకుని, మూడు రోజుల తర్వాత దాన్ని చెత్తలో వేయడానికి, ఇవాళ ఒక మనిషిని వెనక్కి పంపడం ఆమె చేతకాలేదు. మొదటి ఏడాదే ఒకసారి ఇచ్చేసింది. మర్నాడు పొద్దున అప్పుడు వండినదే ఇంకో డబ్బాలో పెట్టి, నిన్నటి వారం పేరు రాసి అరలో ఉంచింది. ఏమీ కాలేదు. తర్వాత అదే అలవాటైపోయింది. ఆరేళ్ళుగా ఆ అరలో ఉన్నవన్నీ మర్నాటి డబ్బాలే. అరలో డబ్బా ఉందా లేదా అని చూసినవాళ్ళే గానీ, మూత తీసి చూసినవాళ్ళు లేరు.

ఇవాళ పదింటికి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి సోమవారం డబ్బా పట్టుకెళుతుంది. అందులో ఉన్నది మంగళవారం వంట. మంగళవారం తిన్నవాళ్ళంతా గుండ్రాళ్ళలా ఉన్నారు. పరీక్షలో డబ్బా శుభ్రంగా తేలుతుంది. వంటగది శుభ్రమైతే ఇక మిగిలింది బండే. డ్రైవర్ మీద కేసు రాస్తారు.

అక్క చల్లగది తలుపు మూసి తమ్ముడి గదికి వెళ్ళింది.

ఆ గది ఒకప్పుడు పుస్తకాలు అంటించే చోటు. వానాకాలంలో గోడలు ఇప్పటికీ జిగురు వాసన కొడతాయి. బల్లమీద టైపు చేసిన కాగితం ఒకటి ఉంది. డ్రైవర్‌ను పనిలోంచి తీసేస్తున్నట్టు అందులో రాసి ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. తమ్ముడు అక్కను చూసి కళ్ళజోడు తీశాడు. టీ తాగావా అని అడిగాడు. రాత్రి నిద్రపోయినట్టు లేవే అన్నాడు. మరదలు నీకోసం మోకాళ్ళ నూనె పంపిందని సొరుగులోంచి సీసా తీసి బల్లమీద పెట్టాడు. ఇవన్నీ వాడు నిజంగానే చేస్తాడు. నటన కాదు. అదే అక్కకు ఎప్పుడూ చిక్కు.

"ఆ డబ్బా వాళ్ళకివ్వకురా," అంది.

తమ్ముడు లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"అది సోమవారంది కాదని నాకు తెలుసక్కా."

అక్క నిలబడ్డచోటే ఉండిపోయింది. తెలిసి ఎన్నాళ్ళయిందని అడిగితే, రెండో ఏటి నుంచీ తెలుసన్నాడు. బీన్సు వండిన రోజు డబ్బాలో బంగాళాదుంపలు కనబడితే తనకు మాత్రం అర్థం కాదా అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని ఆమె అడిగింది. చెబితే మానేసేదానివా అన్నాడు.

తమ్ముడు మెల్లగా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పుకుపోయాడు. ఇన్నాళ్ళూ నువ్వు చేసిన తప్పే ఇవాళ మన నెత్తిన పాలు పోస్తోందన్నాడు. నువ్వేమీ అబద్ధం చెప్పక్కర్లేదు, వాళ్ళు డబ్బా అడుగుతారు, నేనిస్తాను, నువ్వు పొయ్యి దగ్గర ఉండు, అంతే అన్నాడు.

అక్క దర్జీ సంగతి చెప్పింది. కిటికీ, అరుగు, ఆసుపత్రి మెట్లు, అంతా చెప్పింది. చల్లగదిలోంచి తీసిన డబ్బాని తన కళ్ళముందే తిన్న మనిషి పడిపోయాడంటే, ఎండకీ టైరుకీ సంబంధం లేదని చెప్పింది.

తమ్ముడికి ఇది కొత్త. కళ్ళజోడు పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఆ పిల్ల ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పిందా?"

ముసలాయనకి ఎలా ఉందని అడుగుతాడేమోనని అక్క ఎదురుచూసింది. అడగలేదు. ఆమె నోరు ఉన్నట్టుండి చేదెక్కింది, మందుబిళ్ళ నాలుక మీదే కరిగిపోయినట్టు.

"సోమవారం గిన్నెలో ఏం వేశావు?" అంది.

అడిగేదాకా ఆమెకే తెలియదు తనకి ఆ అనుమానం ఉందని. సోమవారం పొద్దున ఆమె వంటగదిలో లేదు. కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తున్నాయి, నువ్వెళ్ళి అడిగితే వింటారని తమ్ముడే ఆమెను నీళ్ళ ఆఫీసుకి పంపాడు. క్యూలో మూడు గంటలు నిలబడి, రేపు రమ్మనిపించుకుని వచ్చేసరికి మూతలు పెట్టడం అయిపోయింది. పదిహేను వంట గిన్నెల్లో ఏది పొయ్యి దిగినా ముందు ఒక చెంచా నోట్లో వేసుకునే మనిషి, ఆ ఒక్క రోజూ ఏదీ రుచి చూడలేదు.

తమ్ముడు కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. ఆదివారం చందాలిచ్చే పెద్దలొచ్చారు కదా. ఫొటోలో గిన్నె నిండుగా కనబడాలన్నారు. తలా ఒక గరిటె తిప్పారు, తలా ఒక డబ్బా పట్టుకుని నవ్వారు, వెళ్ళిపోయారు. పెద్ద గిన్నెడు బీన్సు కూర మిగిలింది. గిన్నె చల్లగది తలుపులో పట్టలేదు. రాత్రంతా బయటే ఉండిపోయింది. పొద్దున మూత తీసి వాసన చూశాడు. బాగానే ఉంది. తనూ డ్రైవరూ చెరో పక్కా పట్టి పొయ్యి మీదికెక్కించారు. మరగబెట్టి కొత్త కూరలో కలిపేశాడు. డ్రైవర్‌కి అది ఎప్పటిదో తెలియదు. ఒక చెయ్యి వెయ్యమంటే వేశాడు.

"ఎనభై మంది తిండక్కా. కాలవలో పొయ్యమంటావా? నీ చేతులకి రాదది. నా చేతులకీ రాలేదు. ఎవరు నేర్పారు నాకు?"

అక్క బల్ల అంచు పట్టుకుంది.

ఆమెకి పదమూడేళ్ళప్పుడు తండ్రి ఇల్లు వదిలేసి పోయాడు. తల్లి మంచం దిగే స్థితిలో లేదు. హోటల్లో పళ్ళేలు కడిగి, జనం వదిలేసినవి ఒక సత్తు టిఫిన్ డబ్బాలో పోగేసి తెచ్చేది. ఎంగిలి వేరు చేసి, మిగిలింది ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. ఏడేళ్ళ తమ్ముడు ఎదురుగా కూర్చుని ఆమె ముఖమే చూస్తుండేవాడు, ఆమె ముక్కు ఏ తీర్పు చెబుతుందోనని. బాగానే ఉంది, తిను అనేది. కొన్నిసార్లు బాగా లేకపోయినా అనేది. వాడు తినేవాడు. బతికాడు. బతికి, చదువుకుని, ఈ షెడ్డు సంపాదించి, నాలుగు వందల మందికి అన్నం పెట్టే ఏర్పాటు చేశాడు. ఆ పని నేర్పింది ఆమే. ఈ పని నేర్పిందీ ఆమేనని ఇన్నేళ్ళకి తెలిసింది.

"అప్పుడు మనకి వేరే దారి లేదురా," అంది చివరికి.

తనకి మాత్రం ఏ దారుందన్నాడు తమ్ముడు. ఈ సంగతి బయటపడితే షెడ్డుకి సీలు వేస్తారు. రేపు మధ్యాహ్నం క్వార్టర్లలో డబ్బా కోసం కూర్చునే వాళ్ళకి ఏం చెబుతావన్నాడు. ఒక్క డ్రైవర్ ఒక పక్క, నాలుగు వందల మంది ఒక పక్క. వాడికి ఎక్కడో ఒకచోట పని తనే చూపిస్తానన్నాడు.

"కేసున్న డ్రైవర్‌కి ఎవడిస్తాడురా బండి?"

డ్రైవర్‌ని వంటగదిలో అందరూ 'ఒక్క నిమిషం' అని పిలుస్తారు. ఏ గుమ్మం ముందు ఆగినా ఒక్క నిమిషం అంటూ లోపలికెళ్ళి, డబ్బా ఇచ్చి ఊరుకోడు. మంచంలో ఉన్నవాళ్ళని లేపి కూర్చోబెడతాడు, మూత రానివాళ్ళకి తీసిస్తాడు. ఆ నిమిషాలన్నీ కలిసి రోజూ గంట ఆలస్యం. ఆ ఆలస్యానికి తమ్ముడు వాణ్ణి తిట్టని రోజు లేదు, అక్క వాడికిష్టమైన మాడు అన్నం పక్కన పెట్టని రోజూ లేదు. మూడు రోజులుగా వాడు ఎవరి ముఖమూ చూడటం లేదు. పన్నెండు మందిని తన చేతులతో పడేశానని నమ్ముతున్నాడు. నిన్న మధ్యాహ్నం అందరూ తింటుంటే వెళ్ళి బండి కడుక్కున్నాడు, కడిగిన బండినే మళ్ళీ.

అక్క నూనె సీసా తీసి తమ్ముడి వైపు జరిపింది.

"డబ్బా సంగతి నాది. నేను చెబుతాను. కూర సంగతి నీది. దాని గురించి నేను నోరెత్తను. నువ్వే చెప్పు. నువ్వు చెబితే నీకు కాస్త మర్యాద మిగులుతుంది."

తమ్ముడు తల ఊపినట్టే కనబడింది. తను అడిగినదానికి ఊపాడో, తనలో తను ఏదో అనుకుని ఊపాడో, అక్క ఆ క్షణాన విడదీసి చూడలేదు. చిన్నప్పటి నుంచీ వాడు తల ఊపితే సరేనన్నట్టే.

ఇన్‌స్పెక్టర్ సరిగ్గా పదింటికి వచ్చింది. నడివయసు మనిషి, భుజానికి ఐసు పెట్టె. దాని మీద ఏ ఇంటి పిల్లలో అంటించిన సీతాకోకచిలుక బొమ్మ సగం ఊడి ఉంది. వస్తూనే పని ఆపక్కర్లేదని, పొయ్యి మీద ఉన్నవి మాడకుండా చూసుకోమని చెప్పింది. అంత మాత్రం ఆలోచించే అధికారిని అక్క ఇదివరకు చూడలేదు. తర్వాత చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, సోమవారం డబ్బా చూపించమంది.

తమ్ముడే వెళ్ళి తెచ్చాడు. డబ్బాని బల్లమీద పెట్టాక ఇన్‌స్పెక్టర్ కాగితం తీసి, ఈ రాత ఎవరిదని అడిగింది. అక్క తనదేనంది. అయితే ఇది సోమవారం వండిన భోజనమేనని ఇక్కడ సంతకం పెట్టండమ్మా అంది ఆవిడ, పెన్ను అందిస్తూ.

వాకిట్లో డ్రైవర్ నిలబడి ఉన్నాడు. పిలిపించారు గనక వచ్చాడు. కత్తుల చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

అక్క పెన్ను తీసుకోలేదు.

"ఇది సోమవారంది కాదండీ. సోమవారంది నేను కిటికీలోంచి ఒకాయనకి ఇచ్చేశాను. ఆయన ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఇందులో ఉన్నది మంగళవారం వంట. వారం పేరు నేనే మార్చి రాశాను."

ఆరేళ్ళుగా ఇలాగే చేస్తున్నానని కూడా చెప్పింది. అడగకపోయినా చెప్పింది. ఒకసారి గిన్నె బోర్లించాక అడుగున అంటుకున్నది మాత్రం దాచడం దేనికని.

ఇన్‌స్పెక్టర్ ఆ డబ్బాని పక్కకి జరిపింది. ఆ ముసలాయన ఎప్పుడు తిన్నాడు, ఎక్కడ తిన్నాడు, డబ్బా అంతకుముందు ఎక్కడుంది అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. రాయడం అయ్యాక తొడుగులు తీసేసింది.

"అంటే ఆయన తిన్నది బండెక్కని డబ్బా. పొద్దుట్నుంచీ చల్లగదిలో ఉన్న డబ్బా. తేడా బండిలో కాదు, గిన్నెలోనే ఉంది."

వాకిట్లో డ్రైవర్ గోడకి చేత్తో ఆనుకున్నాడు. మూతలావిడ వెళ్ళి వాడికి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చింది. వాడు తాగడం మరిచిపోయి అలాగే పట్టుకున్నాడు.

"సోమవారం పొద్దున పొయ్యి దగ్గర ఉన్నదెవరు?" అంది ఇన్‌స్పెక్టర్.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. తొందర పెట్టకూడదనుకుంది. మొదటి మాట కష్టం, తర్వాతవి వాటంతటవే వస్తాయి. ఇప్పుడే కదా తను చెప్పి చూసింది.

తమ్ముడు గోడవారన ఉన్న కుర్చీ లాక్కొచ్చి అక్క వెనక వేశాడు. ఆమె భుజం పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టాడు. మోకాళ్ళ నొప్పులండీ, ఎక్కువసేపు నిలబడలేదు అని ఇన్‌స్పెక్టర్‌తో చెప్పాడు. ఆ తర్వాత అదే గొంతుతో, అంతే మెత్తగా అన్నాడు.

"వంట మా అక్కే చేసిందండీ. రోజూ చేసేది ఆవిడే కదా."

కుర్చీలో కూర్చోబెట్టిన చెయ్యి ఇంకా ఆమె భుజం మీదే ఉంది. వెచ్చగా ఉంది. ఆ చేతిని తీసెయ్యాలని అక్కకి తోచలేదు. సత్తు టిఫిన్ ముందు కూర్చుని తన ముఖంలోకి చూసే ఏడేళ్ళవాడి చెయ్యి అది. ఆరోజు నేను లేను అని చెప్పాలి. నీళ్ళ ఆఫీసు క్యూలో ఉన్నాను. ఎవరు చూశారు? నలభై మంది చూసి ఉంటారు, ఒక్కరి ఊరూ పేరూ తెలియదు. వారం పేరు మార్చి రాసే మనిషినని ఇప్పుడే తన నోటితో తనే ఒప్పుకుంది. ఇక ఆమె ఏం చెప్పినా దానికెంత విలువ?

"నేను లేనండీ," అంది అయినా.

ఇన్‌స్పెక్టర్ ఇద్దరి ముఖాలూ చూసింది. అక్కని అబద్ధాలకోరని అనలేదు. నమ్ముతున్నానని కూడా అనలేదు. ఆ పొద్దున పొయ్యి దగ్గర ఎవరున్నారో కళ్ళారా చూసినవాళ్ళు ఇక్కడెవరైనా ఉన్నారా అని వంటగది మొత్తాన్ని అడిగింది. క్యారెట్టు తరిగేవాళ్ళు ఆ వేళకి పనిలోకి రారు. మూతలావిడ వచ్చేసరికి గిన్నె దించేశారు. లోపలున్నవాళ్ళు ఎవరికి వాళ్ళు తల అడ్డంగా ఊపారు.

తమ్ముడు అక్క భుజం మీంచి చెయ్యి తీసి వాకిలి దగ్గరికి నడిచాడు. జేబులోంచి బండి తాళాలు తీశాడు. సోమవారం సాయంత్రం అందరి ముందూ లాక్కున్న తాళాలు. వాటిని డ్రైవర్ అరచేతిలో పెట్టి, వాడి వేళ్ళు తనే మూశాడు.

"అన్యాయంగా మాటలన్నాం నిన్ను. మనసులో పెట్టుకోకు. ఆలస్యమవుతోంది, రౌండుకి బయల్దేరు. ఇకమీదట ఆ బండి నీదే, ఎవడూ అడగడు."

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద పెన్ను ఆనించి వాడి వైపు చూస్తోంది. అక్క చూడలేదు. మోకాళ్ళ మీద పెట్టుకున్న తన చేతుల్నే చూసుకుంటూ కూర్చుంది.

డ్రైవర్ తాళాలు జేబులో వేసుకున్నాడు. గ్లాసు కిటికీ అంచున పెట్టాడు. కానీ బండి వైపు పోలేదు. చెప్పులు అక్కడే విడిచి లోపలికి, ఇన్‌స్పెక్టర్ ఎదురుగా వచ్చాడు.